ఇప్పచెట్టు కింద పాఠం

...అయినా ఆకులు పరిచింది నేను కాదు. పదకొండు మంది ఆడవాళ్ళు పరిచారు. నేను పరచమన్నాను, అంతే. పరచడానికీ పరచమనడానికీ మధ్య కాస్త జాగా ఉంది. ఆ జాగాలో ఒక మనిషి ఎన్నాళ్ళు నిలబడగలడో చూడాలనుకునేవాళ్ళు నన్ను చూడవచ్చు. సోమవారం నుంచి అక్కడే నిలబడి ఉన్నాను. ఇవాళ ఆదివారం. ఆ పదకొండు మందీ నా వెనకే నడుస్తున్నారు. నేను ఉసిరి చెట్టు దగ్గర ఆగి దాని లాటిన్ పేరు రెండోసారి చెబుతున్నాను.

"మొన్న కూడా చెప్పారండి," అన్నారు సీతారావమ్మ గారు. ఇంజినీరు గారి భార్య. సత్తుపల్లి వైపు మనిషి. మాట మర్యాదగానే ఉంటుంది కానీ దేన్నీ మరిచిపోరు.

"మళ్ళీ చెబితే గుర్తుంటుందని," అన్నాను.

నిజానికి ఈ నడక ఎంత సాగితే ఇప్పచెట్టు అంత ఆలస్యంగా వస్తుంది. అందుకే ఇవాళ ప్రతి పొదకూ చరిత్ర ఉంది.

మణుగూరు గనుల కాలనీకి రెండు మైళ్ళ అవతల, అడవి మొదలయ్యే చోట, నలభై ఎకరాలకు కంచె వేసి ఉద్యానవనం అని పేరు పెట్టారు. అందులో జనానికి చెట్లను పరిచయం చేయడం నా ఉద్యోగం. ఆదివారాలు పొద్దున ఏడింటికి ఒక గంట నడక, తరువాత ఒక గంట తోటపని తరగతి. వృక్షశాస్త్రం కాలేజీలో చదివాను. మనస్తత్వశాస్త్రం ఎవరూ అడగకపోయినా సొంతంగా చదివాను. మొదటిది నేర్చుకున్నాక చెట్ల విషయంలో, రెండోది నేర్చుకున్నాక నా విషయంలో ఇంక పొరబడనని ఒక నమ్మకం ఉండేది.

పోయిన ఆదివారం పాఠం, నేలను ఆకులతో కప్పడం. తోట చివర ఒక పెద్ద ఇప్పచెట్టు ఉంది. దాని కింద ముప్పై నలభై అడుగుల మేర నేల నున్నగా ఊడ్చి ఉంది, అక్కడక్కడ మసి. పాఠానికి ఇంతకంటె మంచి ఉదాహరణ దొరకదనుకున్నాను. "చూడండి, ఎవరో అజ్ఞానంతో ఆకులు తగలబెట్టి నేల చర్మం ఒలిచేశారు," అన్నాను. చర్మం అన్న మాట అప్పటికప్పుడే తట్టింది. అది తట్టినందుకు నాలో నేను ఎంత మురిసిపోయానంటే, చర్మం ఒలిచిన నేల మీద అంత చెట్టు ఎలా బతికిందన్న ప్రశ్నకు చోటు మిగల్లేదు.

వాళ్ళు కొంగులు దోపుకుని టేకాకులు మోశారు. పేడనీళ్ళు చల్లారు. చెట్టు చుట్టూ జానెడు మందం పరుపు తయారయింది. కాపలాదారు రూప్లా దూరంగా నిలబడి అంతా చూసి, నా దగ్గరకు వచ్చాడు.

"సారు, గిది జంపక్కోళ్ళ చెట్టు."

"తోటలో చెట్లన్నీ సర్కారువే రూప్లా."

"అవ్ సారు. చెట్టు సర్కారుదే. పువ్వు జంపక్కోళ్ళది. తోట లేనప్పటిసంది వాళ్ళే ఏరుకుంటరు."

"ఏరుకోనీ. ఎవరు వద్దన్నారు?"

రూప్లా ఆకుల వైపు చూసి, నా వైపు చూసి, "మంచిది సారు," అన్నాడు. నేను దాన్ని ఒప్పుకోలు కింద జమకట్టుకున్నాను. వచ్చే వారం మళ్ళీ చూపించాలి కనుక ఆకులు ఎవరూ కదిలించకుండా చూడమని కూడా చెప్పాను.

సోమవారం తెల్లవారుతుండగా తోటలో ఒక్కణ్ణే తిరుగుతున్నాను. ఇలా తిరగడాన్ని కాలనీవాళ్ళు ఒంటరితనం అంటారు, నేను పరిశీలన అంటాను. ఇప్పపువ్వు తెల్లవారుజామున రాలుతుందని నాకు తెలుసు, పుస్తకంలో ఉంది. ఏరుకునేవాళ్ళు దాని కోసం ముందుగానే ఆకు కాల్చి నేల ఊడ్చి పెట్టుకుంటారని నా పుస్తకంలో లేదు. చెట్టు కింద జంపక్క నిలబడి ఉంది. కంచె అవతలి కోయగూడెం మనిషి, యాభై ఏళ్ళుంటాయి. ఖాళీ బుట్ట కింద పెట్టి, పేడ అంటిన ఒక పువ్వు తీసి వాసన చూసి పారేసింది.

"ఎవరన్న సచ్చిండ్రా సారూ? గింత ఆకు కప్పిండ్రు!"

"ఇది నేలకు మంచిది జంపక్కా. తేమ నిలుస్తుంది."

"పది దినాల కింద నేనే ఆకు కాలవెట్టి ఊడ్చి పోతి. గది చూడలేదా?"

చూశాను. చూసి దాని మీద ఉపన్యాసం కూడా ఇచ్చాను. ఆ సంగతి చెప్పకుండా తేమ గురించి మరో నాలుగు వాక్యాలు చెప్పాను. ఆమె ఓపికగా విన్నది.

"తినే ఇస్తట్ల పేడ పరిచిండ్రు సారూ. ఇయ్యాల్టిసంది రాల్తుంది, పదైదు దినాలు రాల్తది. ఎండవెట్టుకుంటే వానకాలమంత వండుకుంటం. గిప్పుడు ఏం ఏరాలె?"

"నువ్వే కాస్త పక్కకు తీసుకో," అన్నాను. అది కూడా నేలవైపు చూస్తూ, గొణిగినట్టు.

"నేను తీస్తే రూప్లా ఊకుంటడా? కంచె లోపటికి రానిస్తుండ్రు, గదే సాలు. పెట్టిచ్చినోనివి నువ్వు. నువ్వే తియ్యాలె."

"చూద్దాం," అన్నాను. చూద్దాం అన్నది నాకు ఉగ్గుపాలతో వచ్చిన మాట.

మంగళవారం నా పక్కదుప్పటి పట్టుకెళ్ళి ఇచ్చాను, ఆకుల మీద పరుచుకోమని. తప్పు ఒప్పుకోవడం కంటె దుప్పటి ఇచ్చుకోవడం తేలిక. జంపక్క దాన్ని విప్పి, తల పైకెత్తి కొమ్మలు ఎంత దూరం పాకాయో చూసి, మళ్ళీ మడతపెట్టి నా చేతిలో పెట్టింది. "ఒక్క కొమ్మకు సరిపోతది సారూ. నువ్వే కప్పుకో, పొద్దుగాల సలి ఉంటది."

బుధవారం రూప్లాను అడిగాను. "అడవినిండా ఇప్పచెట్లే కదా. ఇంకో చెట్టు చూసుకోకూడదా?"

"ఏ చెట్టుకా చెట్టుకు మనుషులుంటరు సారు. ఒకళ్ళ చెట్టు కింద పువ్వు ఇంకోళ్ళు ముట్టరు. ముడితే పెద్దమనుషుల్ల పంచాయితీ అయితది." వెళ్ళబోతూ, "తప్పయిందంటే నోరు పడిపోతదా సారు?" అన్నాడు.

నోరు పడిపోదు. కానీ ఆ మాట వెనక ఏమేం ఉంటాయో గురువారం అంతా కూర్చుని విశ్లేషించాను. చిన్నప్పుడు నేలకొండపల్లి బళ్ళో ఒక తప్పు లెక్కను నలభై మంది ముందు చెరిపించిన పంతులు దగ్గర మొదలుపెట్టి, మా నాన్న మీదుగా, చాలా లోతుకు వెళ్ళాను. చక్కటి విశ్లేషణ. నేను దాన్ని పూర్తి చేసేసరికి ఇంకో బుట్టెడు పువ్వు పేడలో కలిసింది. శుక్రవారం దానికే కొన్ని సవరణలు చేశాను. శనివారం చెట్టు వైపు వెళ్ళలేదు.

"మా ఆకులు చూపించరా మాస్టారూ?" అన్నారు సీతారావమ్మ గారు. ఇవాళ్టి నడకలో ఉసిరి అయిపోయింది. మారేడు అయిపోయింది. పేరు పెట్టడానికి ఇంక చెట్లు లేవు.

వెళ్ళాం. ఇరవై అడుగుల దూరంలోనే అందరూ కొంగులు ముక్కుకు అడ్డం పెట్టుకున్నారు. వారం రోజుల పువ్వు ఎండలో, పేడనీళ్ళ తేమలో పులిసి, గుప్పుమని కొడుతోంది. తేమ నిజంగానే నిలిచింది. ఆ విషయంలో నేను చెప్పింది అక్షరాలా నిజం.

"అయ్యో, ఇక్కడెవరో సారా కాస్తున్నారండి!" అన్నారు సీతారావమ్మ గారు.

"కాసుడు గాదమ్మా," అన్నాడు రూప్లా. "మీరేసిన ఎరువే. గట్ల పులిసింది."

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. చెట్టు మొదట్లో జంపక్క కూర్చుని ఉంది. బుట్ట అడుగున గుప్పెడు పువ్వులున్నాయి, ఆకుల అంచు అవతల పడినవి. మేం చూస్తుండగానే పైనుంచి మరో నాలుగైదు టపటపమని ఆకుల్లో పడ్డాయి.

"సగం పాయె," అంది ఆమె, ఎవరి వైపూ చూడకుండా. "ఇంక సగం ఉంది."

"ఎవరండి ఈవిడ? ఏం పోయిందట?" అన్నారు సీతారావమ్మ గారు.

పదకొండు ముఖాలూ నా వైపు తిరిగాయి. వాక్యాలు సిద్ధంగానే ఉన్నాయి, వారం రోజులుగా తయారుచేసినవి. మొదటిది, "స్థానిక పద్ధతుల దృష్ట్యా" అని మొదలవుతుంది. అందులో నేను లేను. రెండోది, "శాస్త్రం కూడా ప్రజల దగ్గర నేర్చుకోవాలి." అందులో నేను మరీ ఎక్కువగా ఉన్నాను. అది చెబితే వీళ్ళు నా వినయానికి ముచ్చటపడతారు, ఇంటికెళ్ళి భర్తలకు చెబుతారు. జంపక్క అట్లాగే కూర్చుని ఉంటుంది. నా తప్పు కూడా నాకు ఒక మంచి పాఠంగా పనికొస్తుంది. ఈ సంగతి కనిపెట్టినందుకు కూడా లోపల ఎవడో నా భుజం తట్టబోయాడు. వాణ్ణి తట్టనివ్వలేదు.

"చెప్పండి మాస్టారూ."

ప్యాంటు మోకాళ్ళ దగ్గర పైకి లాక్కుని చెట్టు మొదట్లో గొంతుక్కూర్చున్నాను. పులిసిన టేకాకుల్లోకి మోచేతుల దాకా రెండు చేతులూ దూర్చి, మొదటి కుప్ప పట్టి, నా వైపు లాగాను.