ఏడు నుంచి ఎనిమిది దాకా

బుచ్చవ్వ అగ్గిపుల్లను గట్టుమీద పెట్టి బ్లేడుతో నిలువునా చీల్చింది. మందు రాలకుండా పుల్ల రెండయింది. ఒక సగంతో పొయ్యి వెలిగించి, రెండో సగాన్ని పెట్టెలో దాచింది. అన్నం ఒక పొంగు రాగానే మంట ఆర్పేసి, గిన్నెను చీరముక్కల బొంతలో పసిపిల్లను చుట్టినట్టు చుట్టి మూలన పెట్టింది. మిగతా ఉడుకంతా బొంతలోనే. ముప్పావుగంటలో మెతుకు విచ్చుకుంటుంది. ఆమె ఇంట్లో సిలిండరు ఐదు నెలలు వస్తుందంటే సూరత్ లింబాయత్‌లోని ఆ గల్లీలో ఎవరూ నమ్మరు.

గుమ్మం దగ్గర దేవదాస్ గడ్డం గీసుకుంటున్నాడు. గాజుగ్లాసు లోపలి అంచుకు రుద్ది రుద్ది ఒక బ్లేడును మూడు నెలలు నడిపిస్తాడు. అదీ మొద్దుబారాక అగ్గిపుల్లల పనికి భార్యకు ఇస్తాడు. మనిషి పొడుగు, సన్నం. ముప్పై నాలుగేళ్లు మరమగ్గాల షెడ్డులో నిలబడి మోకాళ్లు కొంచెం వంగాయి. చెవులు అంతకు ముందే పోయాయి. ఇప్పుడు అదే షెడ్డులో నేల ఊడుస్తాడు. ఆ పనికి చెవులు అక్కర్లేదు.

వాళ్లిద్దరూ పొద్దున మాట్లాడుకోరు. ఆమె సద్ది డబ్బా చూపించింది, అతను తల ఊపాడు. ఆమె కొంగు చివర ఒక ముడి వేసుకుంది. పక్కింటి పిల్లి నీళ్ల ట్యాంకు కింద మూడు పిల్లల్ని పెట్టింది. ఆ సంగతి సాయంత్రం ఏడింటికి చెప్పాలి.

ధాగా కటింగ్ కార్ఖానాకు బుచ్చవ్వ నడిచే వెళ్తుంది. షేర్ ఆటోలో అందరూ వెళ్లేది ఆమెకు తెలియక కాదు. సిమెంటు రోడ్డు మీద చెప్పులు సంచిలో ఉంటాయి. రైలు పట్టాల దగ్గర కంకర వచ్చినప్పుడే కాళ్లకు ఎక్కుతాయి. ఆ చెప్పులు కొని ఆరేళ్లయింది. కార్ఖానాలో రోజంతా చీరల వెనక వేలాడే దారాలు కత్తిరిస్తుంది. ఫోను అక్కడే ఛార్జింగు పెడుతుంది, చల్లటి నీళ్లు అక్కడే సీసాకు పట్టుకుంటుంది. పోగుపడిన దారాల్ని ఇంటికి తెచ్చి దిండ్లలో కూరుతుంది. తోటి ఆడవాళ్లు ఆమెను 'కంజూస్ అవ్వ' అంటారు. మొహం మీదే అంటారు, నవ్వుతూనే అంటారు. ఆమె కూడా నవ్వుతుంది.

దేవదాస్ చెవి మిషను మూడేళ్లు ఇట్లా బతికితే వచ్చింది. రెండు చెవులకు చాలలేదు, కుడి చెవికి ఒక్కటే. పోయిన దసరాకు దాన్ని మొదటిసారి పెట్టినప్పుడు బుచ్చవ్వ భయం భయంగా అడిగింది.

"ఇనబడుతుందా?"

దేవదాస్ ఉలిక్కిపడి చుట్టూ చూశాడు. "గీ ముసల్దాని గొంతు ఎవలిదే?"

"నాదే! ఇంకెవలిది?"

అతను పదేళ్ల కింద విన్న గొంతు వేరు. ఆ రోజు ఇద్దరూ కళ్లల్లో నీళ్లు వచ్చేదాకా నవ్వారు. తర్వాత దేవదాస్ బ్యాటరీ ధర అడిగాడు. అది మూడు వారాలకు మించి రాదని తెలిసి మొహం ముడుచుకున్నాడు. ఆలోచించి ఆలోచించి ఒక ఏర్పాటు చేశాడు. రోజుకు ఒక్క గంట, సాయంత్రం ఏడు నుంచి ఎనిమిది దాకా మాత్రమే మిషను చెవికి పెట్టాలి. మిగతా పొద్దంతా డబ్బాలో ఉండాలి. అప్పటినుంచి బుచ్చవ్వ చెప్పాల్సిన మాటలన్నీ కొంగులో ముడులు వేసుకుని దాస్తోంది. ఏడు కొట్టగానే ఒక్కొక్కటే విప్పుతుంది. ఎనిమిది అయ్యేసరికి ముడులు మిగిలితే రేపటికి. కొన్ని ముడులు ఎందుకు వేసిందో మర్నాటికి గుర్తుండేది కాదు.

ఆ రోజు బ్యాటరీల కోసం పని దిగి ఉధనా దర్వాజా దాకా నడిచింది. చెవి మిషన్ల దుకాణంలో సింధూజ అనే పిల్ల కూర్చుని ఉంది. అమ్మానాన్నలది కరీంనగర్, పుట్టింది సూరత్‌లోనే. తెలుగు వినబడితే చాలు ఆమె మొహం వెలుగుతుంది.

"అవ్వా, అంకుల్ ఎట్లున్నడు? మిషన్ బరాబర్ చల్తుందా?"

"మంచిగనే ఉంది బిడ్డా. గంటసేపే పెడ్తడు. అయినా బ్యాటరీ తొందరగనే అయిపోతుంది. ఏమన్నా ఖరాబ్ ఉందేమో జర చూడు."

"గంటసేపే ఏంది?"

బుచ్చవ్వ కొంచెం గర్వంగానే తమ ఏర్పాటు చెప్పింది. బ్యాటరీల పట్టీ కత్తిరిస్తున్న సింధూజ కత్తెర కింద పెట్టేసింది.

"అయ్యో అవ్వా! గిది గాలితోని నడిచే బ్యాటరీ. మీదున్న స్టిక్కర్ పీకినంక లోపలికి గాలి పోతది. పెట్టుకున్నా అరుగుతది, పెట్టుకోకున్నా అరుగుతది. దాస్తే ఏం బచత్ కాదు, పైసా మిగలదు."

"ఏం గాదా?"

"దాదాపు ఏం గాదు."

బుచ్చవ్వ బ్యాటరీల పట్టీ తీసుకుని బయటికి వచ్చింది. కంకర దారి దాటినా చెప్పులు తీయడం మర్చిపోయింది. ఎనిమిది నెలలు. ఒక్కొక్క రోజులో ఇరవై మూడు గంటలు.

ఇంటికి వచ్చేసరికి దేవదాస్ కాళ్లు కడుక్కుని కూర్చున్నాడు. ఆమె డబ్బాలోంచి మిషను తీసి అతని చెవికి తనే తగిలించింది. అతను గోడ గడియారం వైపు వేలు చూపించాడు.

"ఆరున్నరే అయిందే!"

"ఏడుకు మన్నువడ! ఇను." సింధూజ చెప్పిందంతా చెప్పింది. డబ్బు దండగైందని అతను బాధపడతాడనీ, తనే ఓదార్చాల్సి వస్తుందనీ అనుకుంది.

దేవదాస్ ఆమె కొంగు చేతిలోకి తీసుకుని ముడులు తడిమాడు.

"అంటే... నువ్వు మర్సిపోయినయన్నీ నేను ఇందునా?"

"ఇందువు."

"ఇప్పుడు చెప్పు మరి. మొదటికెళ్లి చెప్పు."

చెప్పమంటే బుచ్చవ్వకు ఒక్కటీ తోచలేదు. సిగ్గేసింది. లేచి పొయ్యి వెలిగించి పోపు పెట్టింది. అగ్గిపుల్ల చీల్చడం కూడా గుర్తు రాలేదు. నూనెలో ఆవాలు పడగానే దేవదాస్ మెడ సాచాడు.

"అదేంది?"

"పోపు."

"పోపు ఇంత లొల్లి చేస్తదా?" అంటూ దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. మళ్లీ వెయ్యమన్నాడు. అక్కర్లేకున్నా ఆమె ఇంకో చిటికెడు ఆవాలు వేసింది.

ఆ రోజునుంచి మిషను పొద్దున ఎక్కి నిద్రకు దిగేది. మిగతా పొదుపేమీ మారలేదు. అన్నం బొంతలోనే ఉడికింది, చెప్పులు సంచిలోనే నడిచాయి. మాటల దగ్గర మాత్రం పొదుపు విడిచారు. బుచ్చవ్వ పిల్లి గురించి చెప్పేది, కార్ఖానా సేఠ్ భార్య గురించి చెప్పేది, ఏమీ లేకపోతే తను చేస్తున్న పనే చెప్పేది. అతను ఊ కొట్టేవాడు.

ఒక శనివారం బజారు నుంచి దేవదాస్ పాత సైకిల్ గంట పట్టుకొచ్చాడు. బేరం కూడా ఆడలేదట. ఆ మాట విని బుచ్చవ్వ నోటిమీద చెయ్యి వేసుకుంది.

"సైకిల్ లేనోనికి గంటెందుకయ్యా?"

"తలుపుకు బిగిస్త. నువ్వు పనికెళ్లి వచ్చినప్పుడు కొట్టు. నేను లోపటికెళ్లి ఇంట." తలుపు తెరిచే ఉన్నా సరే, ఆమె గంట కొట్టి ఆగాలి. లోపల్నుంచి "ఎవలూ?" అని అతను అడగాలి. రోజూ ఇదే ఆట.

చలికాలం చివర ఒక ఆదివారం పొద్దున దేవదాస్ ఒంట్లో నలతగా ఉందని పడుకున్నాడు. బుచ్చవ్వ పక్కనే కూర్చుని చేటలో బియ్యం ఏరుతూ పెళ్లయిన కొత్తలో బస్సు తప్పిపోయిన సంగతి చెబుతోంది. అతను ఊ కొడుతున్నాడు. బస్సు వెనక ఇద్దరూ పరుగెత్తిన చోటికి వచ్చేసరికి ఊ రాలేదు. బ్యాటరీ అయిపోయిందనుకుంది. చేట పక్కన పెట్టి, అతని చెవినుంచి మిషను మెల్లగా తీసి, కొత్త బ్యాటరీ వేసి మళ్లీ తగిలించింది. "ఇంటున్నవా?" అని, ఆ చోటునుంచే మళ్లీ మొదలుపెట్టింది. నాలుగు మాటలయ్యాక అతని నుదుటిమీద చెయ్యి వేసి చూసింది. ఆ చెయ్యి అట్లాగే ఉంచి, సంగతి చివరిదాకా చెప్పింది.

పదకొండో రోజు దాటాక మళ్లీ పనిలోకి వెళ్లింది. సాయంత్రం నడిచి వచ్చి, సంచిలో తాళంచెవి వెతుక్కుంటూ గుమ్మంలో నిలబడింది. తాళం తనే తీయాల్సి రావడం అదే మొదటిసారి, ఇన్నాళ్లూ దేవదాస్ ముందే వచ్చి ఉండేవాడు. తలుపు చట్రానికి సైకిల్ గంట ఉంది. దాని గిన్నె అంతా తుప్పు మచ్చలు, రోజూ వేలు పడే మీట ఒక్కటే నున్నగా మెరుస్తోంది.