నర్సమ్మ జేబులో గాజుపుల్ల

నేను ఒక గాజుపుల్లను. కడుపులో పాదరసం, ఒంటినిండా గీతలు. చదువుకున్నవాళ్ళు నన్ను థర్మామీటరు అంటారు. నేను పనిచేసిన బడిలో ఆడపిల్లలు మాత్రం జొరంపుల్ల అనేవారు. నాకు ఆ పేరే నచ్చింది. అలాగని గొప్పలు చెప్పుకోవడం నాకు ఇష్టం లేదనుకునేరు! నన్ను తయారుచేసిన కొలిమి దగ్గర గాజు ఊదేవాడికి సరిగ్గా నా వంతు వచ్చేసరికి తుమ్ము వచ్చింది. అందుకే నా మూతి తోటివాళ్ళకంటే కాస్త లావు. ఒక్క వానాకాలంలో నేను జ్వరాలకు ఎక్కి దిగిన ఎత్తంతా కలిపితే మహేంద్రగిరి దాటి ఒడిశాలో తేలేవాణ్ణి. నమ్మకపోతే మానండి. కానీ ఇక చెప్పబోయేదాన్ని మాత్రం నమ్మండి.

మందుల దుకాణం అద్దాల బీరువాలో కొన్నాళ్ళున్నాను. తర్వాత ఒక ఆర్‌ఎంపీ డాక్టరు నన్ను కొన్నాడు. ఆయన నన్ను రోగి నోట్లో పెట్టి చూడకముందే సూదిమందు గుచ్చేవాడు. రోగి అడిగితే చూపించడానికే నేను. ఆయన దుకాణం మూసేసినప్పుడు సామానుతో పాటు ఒక నర్సమ్మ చేతిలో పడ్డాను. కొండల మొదట్లో ఉన్న ఆడపిల్లల ఆశ్రమ పాఠశాలలో ఆవిడ నర్సు. బడివాళ్ళు ఇచ్చిన థర్మామీటరు పగిలిపోయి చాలా కాలమైంది. కొత్తది అడిగితే, ఉన్నదాంతో సర్దుకోమన్నారట. లేనిదాంతో ఎలా సర్దుకోవాలో చెప్పలేదు.

ఆవిడ అసలు పేరు తవిటమ్మ. ఆ సంగతి జీతాల గుమాస్తాకు, నాకు తప్ప మరెవరికీ తెలియదు. పిల్లల దగ్గర్నుంచి ప్రిన్సిపాల్ దాకా అందరికీ నర్సమ్మే. పొద్దున్నే కోడిగుడ్లు లెక్కపెట్టేది ఆవిడ. వంటమనిషి రాకపోతే ఉప్మా కలిపేది ఆవిడ. పేలమందు రాసి జడలు వేసేది, లెక్కల టీచరు సెలవు పెడితే క్లాసులో కూర్చునేది, పంద్రాగస్టుకు రంగుకాగితాలు అంటించేది కూడా ఆవిడే. మధ్యలో తీరిక దొరికితే నర్సు. "నీకేం నర్సమ్మా, బిళ్ళలిచ్చి కూర్చోడమేగా!" అని తెలుగు మాస్టారు హాస్యమాడితే, "అవునండి, కూర్చోడానికి కుర్చీ ఒకటి ఇప్పించండి మరి" అనేది.

ఆ బడికి ఒక అలవాటుండేది. పిల్లకు జ్వరం వస్తే, రెండోరోజుకల్లా తండ్రికి కబురు పంపేవారు. తండ్రి వచ్చి తీసుకుపోయేవాడు. పిల్ల గేటు దాటితే బడికి పూచీ ఉండదు. ప్రిన్సిపాల్ త్రివేణి మేడమ్ చెడ్డ మనిషి కాదు. ఇదివరకటి బడిలో ఒక పిల్ల జ్వరంతో పోతే ఆవిణ్ణి సస్పెండ్ చేశారు. ఆ భయం ఆవిడ నుదుటి మీద బొట్టుకంటే ముందు కనిపించేది.

ఇంటిమీద బెంగపడిన పిల్లలు ఈ అలవాటును బాగా వాడుకునేవారు. వేడి గంజి పుక్కిలించి వచ్చి నన్ను నోట్లో పెట్టుకునేవారు. నేను ఒక్కసారిగా ఎగిరిపడేవాణ్ణి. నర్సమ్మ నన్ను చూసి, పిల్లను చూసి, "ఒలే, ఈ లెక్కన నువ్వీపాటికి ఉడికిపోయుండాలే!" అని మంచమ్మీద పడుకోబెట్టి, వాళ్ళమ్మ గురించి అడిగేది. గంటలో జ్వరం తగ్గిపోయేది.

ఆరో క్లాసు మల్లిక మాత్రం తిరకాసు పిల్ల. రెండురోజులుగా తిండి తినడం లేదని తోటిపిల్లలు చెప్పి లాక్కొచ్చారు. నేను నోట్లోకి వెళ్ళాను. చల్లగా, నూతిలో దిగినట్టుంది. ఎక్కడం మానేసి కూర్చున్నాను. "జొరం లేదమ్మా, ఎల్లిపోతాను" అని పిల్ల లేచింది. నర్సమ్మ నన్ను జేబులో పెట్టుకుని, ఎందుకో పిల్ల మెడ వెనక చెయ్యి వేసింది. వేసిన చెయ్యి వెంటనే తియ్యలేకపోయింది. నాకు ఆ చేతి మీద అసూయ పుట్టిందంటే అబద్ధం కాదు.

"నోట్లో ఏటెట్టుకొచ్చావే?"

"ఏటీ నేదమ్మా."

"మల్లికా!"

"కుండలో సల్లనీల్లు" అని పిల్ల ఏడుపు మొదలెట్టింది. "ఇంటికి పంపొద్దమ్మా. మాయక్కనీ ఇలగే జొరానికి పంపేసినారు. జొరం తగ్గింది గానీ మరి బడికి రానియ్యనేదు. జీడితోటలో పనికెడతంది."

నర్సమ్మ ఈసారి నన్ను పిల్ల చంకలో పెట్టింది. నూట మూడు దాటి ఎక్కాను. ఎక్కుతూంటే నాకే భయం వేసింది.

నర్సమ్మ ఆ కబురు తీసుకుని ఆఫీసుగదికి వెళ్ళింది. జేబులో నేనూ వెళ్ళాను. అక్కడ గోడలకు సున్నం వేస్తున్నారు. మర్నాడు తనిఖీ.

"వాళ్ళ నాన్నకు ఫోన్ చేయిస్తాను, పొద్దున్నే వచ్చి తీసుకుపోతాడు" అన్నారు మేడమ్.

"కొండమీదకి తీసుకుపోతే అక్కడేటుందండి? పొద్దున్నే ఆస్పత్రికి తీసుకెళ్తాను మేడమ్."

"రేపా? తనిఖీకి వచ్చేవాళ్ళు మొదట చూసేది నీ గదే. నువ్వు లేకపోతే నేనేం చెప్పను? ఆస్పత్రికి వాళ్ళ నాన్న తీసుకెళ్తాడు. తండ్రి కాదా?"

నర్సమ్మ ఆ రాత్రికి మల్లికకు బిళ్ళలిచ్చి, తడిగుడ్డతో ఒళ్ళు తుడిచింది. జ్వరం కాస్త దిగి, మళ్ళీ ఎక్కింది.

పొద్దున్నే తండ్రి వచ్చాడు. పేరు బిసాయి. భుజాన తువ్వాలు, కాళ్ళకు బురద. గేటు దగ్గర చెయ్యాల్సిన సంతకమేదో చేసి, కూతుర్ని వీపున వేసుకున్నాడు. లోపల బూజులు దులుపుతున్నారు. నర్సమ్మ మంచాల మీద తెల్ల దుప్పట్లు పరిచింది. కిటికీలోంచి చూసింది. తండ్రీ కూతుళ్ళు మలుపు దగ్గర ఉన్నారు. దుప్పటి మూల సరిచేస్తున్నదల్లా వదిలేసి పరుగెత్తింది. అంత లావు మనిషి అంత వేగంగా పరుగెత్తగలదని నాకు తెలియదు. జేబులో నేను పగిలిపోతాననే అనుకున్నాను.

కూడలిలో ఎడంవైపు కొండదారి, కుడివైపు పట్నం బస్సు ఆగే చోటు. బిసాయి ఎడంవైపు తిరిగాడు.

"బాబూ, ఆగు! ఆస్పత్రికి కాదేటి?"

"ఎల్లాలనే ఉందమ్మా" అన్నాడతను, నేలచూపులు చూస్తూ. "ఆడ నాకెవులు తెలుసు? సీటీ రాయించుకోమంటారు. ఏ గదికెల్లాలో తెల్దు. అడిగితే కసురుతారు. కిందటిసారి పొద్దల్లా నిలబడి తిరిగొచ్చేసినాను. ఊరెల్తే ఎజ్జోడు మంత్రమేస్తాడు. ఆడు కసరడు."

నర్సమ్మ వెనక్కి తిరిగి బడివైపు చూసింది. తనిఖీ జీపు దుమ్ము అప్పుడే దూరాన లేస్తోంది.

"నానొస్తాను పద" అంది. "చీటీ నాను రాయిస్తాను. కసిరితే నన్ను కసురుతారు."

బస్సులో మల్లిక తల నర్సమ్మ ఒళ్ళో పెట్టుకుని ఏదేదో మాట్లాడింది. ఆ మాటలు ఎవరితోనో, దేనిగురించో మాకెవరికీ అర్థం కాలేదు. నర్సమ్మ నన్ను పిల్ల చంకలో పెట్టి చూసి, మళ్ళీ జేబులో పెట్టింది. ఎంత ఉందో తండ్రికి చెప్పలేదు.

ఆస్పత్రిలో కసిరినవాళ్ళు ఉన్నారు. నర్సమ్మ నవ్వుతూ కసిరించుకుంది. నెత్తురు పరీక్ష చేసి మలేరియా అన్నారు. అది మెదడు దాకా పోయే రకమట. సెలైన్ ఎక్కించారు. రెండోరోజు పొద్దున్న పిల్ల కళ్ళు తెరిచి అన్నం అడిగింది. డాక్టరుగారు బిసాయి భుజం తట్టి, "మంచి పని చేశావయ్యా, త్వరగా తీసుకొచ్చావు" అన్నారు. నర్సమ్మ పక్కనే కమలాపండు వలుస్తోంది. డాక్టరుగారు వెళ్ళాక బిసాయి ఆలోచించి, "ఇలగొచ్చినందుకు నీకు గవర్మెంటోలు వేరే జీతవిస్తారు కావాల" అన్నాడు. "ఔను బాబూ" అంది నర్సమ్మ. మల్లిక నవ్వింది. ఎందుకు నవ్విందో తండ్రికి తెలియలేదు.

"బడికి పంపుతావా మరి?" అని నర్సమ్మ అడిగింది.

బిసాయి, "నువ్వుంటావు కదేటి అక్కడ" అన్నాడు.

బడిలో తనిఖీకి వచ్చిన దొరలు నర్సు గదిని మెచ్చుకుని వెళ్ళారట. దుప్పట్ల మీద ముడత లేదట. పడుకునే పిల్ల ఉంటేగా ముడతపడటానికి! నర్సమ్మకు మాత్రం మెమో వచ్చింది. తనిఖీ రోజున చెప్పకుండా ఎందుకు పోయావని. ఆవిడ రాసిన జవాబు "పిల్ల వెంట వెళ్ళాను" అనే ఒక్క మాట. త్రివేణి మేడమ్ అది చదివి, "ఇంకాస్త రాయకూడదూ? దీంతో నేను నిన్నెలా కాపాడను?" అన్నారు. "జరిగింది అంతేనండి" అంది నర్సమ్మ. మెమో ఫైల్లో ఉండిపోయింది, ఆవిడ బడిలో ఉండిపోయింది. వార్షికోత్సవానికి అందరికీ శాలువాలు కప్పారు. ఆవిడ వేదిక వెనక నాట్యం చేసే పిల్లల కొంగులకు పిన్నీసులు పెడుతోంది. నిజం చెప్పాలంటే ఆవిడ పని అలాంటిదే. బాగా చేస్తే ఏమీ జరగదు. ఏమీ జరగనందుకు ఎవరు శాలువా కప్పుతారు?

తర్వాత పాదరసం ప్రమాదమన్నారు. నొక్కితే కీచుమనే ప్లాస్టిక్ పుల్లలు వచ్చాయి. నన్ను దూదిలో చుట్టి, ఇనప బీరువాలో విరిగిన తూకం పక్కన పెట్టారు. బీరువా తలుపు సరిగ్గా పడదు. ఆ సందులోంచి గది నాకు కనిపిస్తూనే ఉంటుంది.

మొన్న వానల్లో, ఇప్పుడు తొమ్మిదో క్లాసులో ఉన్న మల్లిక ఒక చిన్నపిల్లను చెయ్యిపట్టి తెచ్చింది. పిల్ల గుమ్మం దగ్గరే వెనక్కి లాగుతోంది.

"సెప్పే. ఇంటికి పంపేయరు. ఆస్పత్రికైనా నర్సమ్మే వస్తాది. సెప్పు."

"అమ్మా" అంది పిల్ల, "జొరవొచ్చినాది."

నర్సమ్మ ఆ పిల్ల మెడ వెనక చెయ్యి వేసింది. తర్వాత వంగి, బల్లకింద చెప్పుల కోసం చూసుకుంది.