వేలి మందం లూజు

సైకిలు ఎడమ పెడలుకు నూనె చుక్క వేసి చేత్తో తిప్పుతుండగా లోపలి గదిలో దగ్గు మొదలైంది. లిఫ్టాయన పెడలు పట్టుకుని అలాగే ఆగిపోయాడు. దగ్గు సద్దుమణిగాక మిగిలిన చుక్క గొలుసుకు వేసి, నూనె గుడ్డ మడిచి సీటు కింద దోపాడు. ఆఫీసులన్నీ ఒకదాని మీద ఒకటి పేర్చినట్టుండే పెద్ద కట్టడంలో లిఫ్టు నడిపేవాడు కనుక ఊరందరికీ అతను లిఫ్టాయనే. అసలు పేరు అతనికైనా గుర్తుందో లేదో.

"ఏమండీ, సైకిలు అడిగిన ఆ అకౌంటెంటుకి ఏం చెప్పారు?" మంచం మీంచి భార్య అడిగింది.

"ఇంకా ఏం చెప్పలేదు. అమ్మనని చెప్తాను."

"ఇచ్చేయండి. వచ్చే నెల నుంచి లిఫ్టు దానంతటదే నడుస్తుందన్నారుగా. ఇంకెక్కడికి తొక్కుతారు?"

"ఎక్కడికో అక్కడికి."

"మొండిఘటం," అని ఆవిడ గోడవైపు తిరిగింది.

గుండె బాగా నీరసించిందని, ఇంటికి తీసుకెళ్లి ఇష్టమైంది పెట్టమని డాక్టరు చెప్పి చాలా రోజులైంది. ఆవిడకి ఇష్టమైంది ఇదొక్కటే అయి కూర్చుంది. సైకిలు అమ్మేయాలి. మందుల ఖర్చు చూసి అంటోందని అతను అనుకున్నాడు. ఆవిడ చేయించిన సైకిల్ని ఆవిడ కళ్ల ముందే అమ్మేస్తే ఆ గుండె ఏమవుతుందోనని అతని భయం.

అది అంగట్లో దొరికే సైకిలు కాదు. ధర విన్నవాళ్లు ముక్కు మీద వేలేసుకునేవాళ్లు. లిఫ్టాయనకి చిన్నప్పటి జబ్బు వల్ల ఎడమ కాలు పొట్టిదైంది. నడిస్తే మనిషంతా పడవలా ఊగేవాడు. వీధిలో పిల్లలు వెనకాల అలాగే ఊగుతూ వచ్చేవాళ్లు. ఆవిడ దర్జీ. పెళ్లయిన కొత్తలోనే ఎడమ కాలు పొట్టిగా కత్తిరించి ప్యాంటు కుట్టింది. రెండు అంచులూ బూట్ల మీద సమానంగా ఆగాయి. ఆ తర్వాత కొన్నాళ్లకు సైకిలు మీద కన్ను పడింది. "రెడీమేడ్ ప్యాంటు మీకెప్పుడైనా సరిపోయిందా? రెడీమేడ్ సైకిలు మాత్రం ఎలా సరిపోతుంది?" అంది. బడిపిల్లల యూనిఫారాలు కుట్టి కుట్టి, ఏళ్ల తరబడి దాచి, కొలతల ప్రకారం సైకిళ్లు చేసే ఆయన దగ్గరికి మొగుణ్ని లాక్కెళ్లింది.

అక్కడ ఇతను పేచీ పెట్టాడు. పరాయివాడు కాలు పట్టుకుంటే ఊరుకోనన్నాడు. ఆవిడ మెడలో ఎప్పుడూ వేలాడే టేపు తీసి, మోకాళ్ల మీద కూర్చుని, తనే కొలిచి చెప్పింది. చెప్పేటప్పుడు చేతి అలవాటు ఊరుకోలేదు. ప్రతి కొలతకీ వేలి మందం లూజు కలిపింది. బట్టకైతే అది ఉండాల్సిందే, లేకపోతే మనిషి కూర్చుని లేవలేడు. ఇనుముకి లూజు ఎందుకు?

ఆకుపచ్చ సైకిలు ఇంటికొచ్చిన రోజు వీధి వీధంతా బయటికొచ్చింది. ఎడమ పెడలు మీద చెక్క దిమ్మ బిగించి ఉంది. లిఫ్టాయన ఎక్కాడు. దిమ్మ ఉన్నా, సీటు అడుగంటా దించినా, ఎడమ పెడలు కిందికి వెళ్లినప్పుడు పాదం అందలేదు. బొటనవేలు మాత్రం అందింది. దాన్ని అందుకోవడానికి తుంటి ఎడమవైపు జారింది.

"ఎలా ఉంది?" అంది ఆవిడ, రెండు చేతులూ జోడించుకుని.

"కొలిచి కుట్టినట్టుంది," అన్నాడు.

ఆవిడ కుట్టిన గుడ్డ ఒక్కటి కూడా సరిచేయమని ఎవరూ వెనక్కి తేలేదు. ఆ మాట చెప్పుకుని మురిసిపోయే మనిషికి ఇది ఎలా చెప్తాడు? సైకిలాయన దగ్గరికి మళ్లీ వెళ్తే ఆవిడకి తెలిసిపోతుంది. కిమ్మనకుండా తొక్కాడు. జుట్టు నెరిసేదాకా తొక్కాడు. రాత్రిళ్లు తుంటి సలుపుతుంటే, చలికి పట్టేసిందని చెప్పి కుడివైపు తిరిగి పడుకునేవాడు. తన నోటి నుంచి మాట జారలేదు కనుక రహస్యం భద్రంగా ఉందని నమ్మాడు.

పెడలుకు నూనె వేసిన ఆ రోజు కూడా అలవాటు ప్రకారం స్టూలు మీద కూర్చుని జనాన్ని పైకీ కిందికీ చేరవేశాడు. కుశలం అడిగేవాళ్లు తక్కువ. మూడో అంతస్తు అకౌంటెంటు మాత్రం ఎక్కగానే అతని బూట్లవైపు చూసేవాడు. ఏడాది కింద ప్రమాదంలో ఆ అబ్బాయి ఎడమ కాలు నలిగింది. ముక్కలు అతికించేసరికి పొట్టిదై మిగిలింది. ఒకే రకం నడక ఉన్నవాళ్లు ఒకరినొకరు పలకరించుకోవడానికి సిగ్గుపడతారు. అయినా ఆ మధ్య అతనే నోరు తెరిచి సైకిలు అమ్ముతారా అని అడిగాడు.

"కొనడం సంగతి తర్వాతండి. ఒక్కసారి ఎక్కి చూస్తాను," అన్నాడు ఆ రోజు మధ్యాహ్నం భోజనాల వేళ.

ఇద్దరూ ఊగుతూ వెనక పెరట్లోకి వెళ్లారు. అకౌంటెంటు గోడ ఆసరాతో ఎక్కి తొక్కాడు. లిఫ్టాయన కన్నా కాస్త పొడుగు మనిషి కావడంతో తుంటి జారలేదు. ఎడమ పాదం చెక్క దిమ్మ మీద నేల మీద నిలబడ్డట్టు నిలబడింది. వెన్ను నిటారుగా పెట్టుకుని పెరడంతా ఒక చుట్టు తిరిగొచ్చాడు. ఆ సైకిలు మీద మనిషి ఎలా కనిపించాలో లిఫ్టాయన మొదటిసారి చూశాడు. ఒళ్లంతా కుళ్లుతో మండింది. దింపి లాక్కుందామనిపించింది.

"దెబ్బ తగిలాక వంకర లేకుండా కూర్చోవడం ఇదే మొదటిసారండి," అన్నాడు అకౌంటెంటు. చెమర్చిన కళ్లు తుడుచుకోలేదు.

మంట మెల్లగా చల్లారింది. ఉన్న నాలుగు రోజుల్లో ఆవిడ నోరు తెరిచి అడిగింది ఇదొక్కటి. దాన్నీ కాదంటున్నాను, ఎవరి కోసం అనుకున్నాడు.

"తీసుకెళ్లండి," అన్నాడు.

"ఇంట్లో ఆవిడ ఏమీ అనుకోరు కదా?"

"ఆవిడే ఇచ్చేయమంది."

సాయంత్రం నడిచి ఇంటికి బయల్దేరాడు. సైకిలు మీద ఇట్టే వచ్చేసే దారి కాళ్ల కింద తరగలేదు. ఒక చోట మెట్ల మీద కూర్చుని తుంటి రుద్దుకున్నాడు. ఇద్దరు పిల్లలు ఊగుతూ వెనకాల పడ్డారు. ఎన్నో ఏళ్ల తర్వాత మళ్లీ. కోపం రాలేదు. 'ఇచ్చేశానోయ్, నీ పంతమే నెగ్గింది' అని చెప్పాలి. ఆవిడ మొహం ఎలా పెడుతుందో చూడాలి. చిన్నబుచ్చుకుంటే, నువ్వు చేయించిన దాని మీద ఇంకొకడు వెన్ను నిటారుగా పెట్టుకుని తిరుగుతున్నాడని చెప్పాలి. ఆ మాటలే అటు తిప్పి ఇటు తిప్పి అనుకుంటూ వీధి మలుపు తిరిగాడు.

తలుపు బార్లా తీసి ఉంది. పక్కింటావిడ గడపలో కూర్చుని ఉంది. అతన్ని చూసి లేచింది.

"సైకిలు చప్పుడు కోసం చెవులు రిక్కించుకుని కూర్చున్నా అన్నయ్యగారూ. వదిన ఇందాక పోయింది. నిద్రలోనే."

లిఫ్టాయన లోపలికి వెళ్లి మంచం పక్కన నిలబడ్డాడు. ఆవిడ గోడవైపు తిరిగే ఉంది. టేపు మెడలోనే ఉంది. చెయ్యి పట్టుకుని చాలాసేపు కూర్చున్నాడు.

"పొద్దున మీరటు వెళ్లగానే లేచి ఇది పట్టుకుంది," అంది పక్కింటావిడ, కుట్టుమిషను మీద పరిచి ఉన్న కొత్త ప్యాంటు చూపించి. "వద్దంటే వింటేగా. సైకిలు కొలతల్లో లూజు పెట్టి చెడగొట్టింది నేనేనంది. ప్యాంటు ఒక పక్కే అరుగుతుంటే మొదటి నెలలోనే తెలిసిందంట. ఆయన పైకి అనడు, నేనూ అడగలేను, అమ్మించేస్తే ఆ నొప్పి తప్పుతుందనుకున్నా, అమ్మనన్నాడు, ఇక ఈ మాసికైనా వేసి పోవాలి కదా అంది. కాసేపటికి అలసటగా ఉందని పడుకుంది."

అతను ప్యాంటు అందుకుని లోపలివైపు తిరగేశాడు. ఎడమవైపు, సీటు తగిలే చోట, అరచేయంత మాసిక. ఆవిడ కుట్టిన ప్రతి ప్యాంటుకీ అక్కడ అదనంగా గుడ్డ ఉండేది. గట్టిదనం కోసం రెండు వైపులా వేస్తుందనుకునేవాడు. కుడివైపు తడిమి చూశాడు. అక్కడ ఏమీ లేదు.

"అమ్మేశానే," అన్నాడు మంచంవైపు తిరిగి.

ప్యాంటు ఎక్కడ నుంచి తీశాడో అక్కడే, అలాగే, మిషను మీద పరిచాడు. మాసికకి మూడు వైపులా సన్నటి చేతి కుట్టు పడింది. నాలుగో వైపు సగంలో, దారం తెంపని సూది గుచ్చి ఉంది.