ఈసుకపోయే బర్రె

దేశనూరులో ఏ ఇంట్లో బర్రె ఈనడానికి కష్టపడుతున్నా ఉచ్చెంగమ్మకు కబురొచ్చేది. దూడ అడ్డం తిరిగితే చెయ్యి పెట్టి సరిచేసేది, మాయ పడకపోతే ఓపిగ్గా తీసేది. అలాంటి మనిషి ఇంట్లోనే బర్రె నెలలు నిండకుండా రెండుసార్లు ఈసుకపోయింది.

రెండోసారి ఎనిమిదో నెల. చచ్చిన దూడను ఉచ్చెంగమ్మే వట్టి చేతులతో లాగింది. సిరుగుప్ప నుంచి పశువుల డాక్టరు చిదానంద వచ్చి నెత్తురు తీసుకుపోయాడు. వారం తర్వాత తిరిగొచ్చి, ఇది బ్రూసెల్లా అన్నాడు. గొడ్లలో నయమయ్యే రోగం కాదనీ, పక్కనున్న గొడ్లకు అంటుకుంటుందనీ, పచ్చిపాలు తాగినా, మాయ ముట్టుకున్నా మనుషులకూ వస్తుందనీ చెప్పాడు. బర్రెను విడిగా కట్టెయ్యమని, ఎవరికీ అమ్మొద్దని ఆమె మొగుడు కెంచప్పకు ఒకటికి రెండుసార్లు చెప్పి పోయాడు.

కెంచప్ప తలూపాడు. ఇరవై రోజులు తిరక్కుండానే కాలవ పక్క క్యాంపులో ఉండే పున్నయ్యతో బేరం కుదుర్చుకొచ్చాడు. పున్నయ్య వాళ్లు కోస్తా నుంచి తండ్రుల కాలంలో వచ్చి వరి పొలాలు చేసుకుంటున్నవాళ్లు. ఇంట్లో అప్పటికే నాలుగు బర్రెలున్నాయి, మూడు చూడితో ఉన్నాయి. దూడ పుట్టి చచ్చిపోయిందని కెంచప్ప వాళ్లకు చెప్పాడు. వద్దని ఉచ్చెంగమ్మ అడ్డుపడితే, "నువ్వు సుమ్నే ఉండు, నోరెత్తకు. పనికిరాని గొడ్డును ఎన్నాళ్లు మేపుతావు?" అన్నాడు.

బర్రెను చూసుకోవడానికి పున్నయ్య భార్య సరోజినీదేవి వచ్చింది. పొదుగు నిమిరింది, పళ్లు చూసింది. ఆ తర్వాత కెంచప్పను వదిలేసి ఉచ్చెంగమ్మ దగ్గరకు వచ్చింది. రెండేళ్ల కిందట తన బర్రె ఈనలేక పడిపోతే రాత్రంతా కూర్చుని బతికించింది ఈమేనని ఆమె మరిచిపోలేదు.

"ఉచ్చెంగమ్మా, మగవాళ్ల మాటలు నాకొద్దు. నువ్వు చెప్పు, దీనికేమీ దోషం లేదుగా?"

కెంచప్ప పలుపు విప్పుతూ భార్య వైపు చూశాడు.

"ఏం లేదమ్మా, మంచి గొడ్డు," అంది ఉచ్చెంగమ్మ.

రెండు నెలలకు క్యాంపు నుంచి కబురొచ్చింది. సరోజినీదేవి బర్రె ఒకటి ఆరో నెలలో ఈసుకపోయింది, మాయ పడలేదు. ఉచ్చెంగమ్మ వెళ్లి, అదే చెయ్యి పెట్టి మాయ తీసింది. సరోజినీదేవి వేడినీళ్లు పోసి, సబ్బు ఇచ్చి, కాఫీ కలిపి తెచ్చింది. ఎవరి దిష్టి తగిలిందో అని బాధపడింది. ఉచ్చెంగమ్మ కాఫీ తాగి లేచింది. పది రోజులకు రెండో బర్రె, ఆ నెలాఖరులో మూడోది. మూడుసార్లూ ఆమెనే పిలిచారు. ఆమె మూడుసార్లూ పోయింది, ఒక్కసారీ నోరు విప్పలేదు.

ఈలోగా ఆమెకే జ్వరం పట్టుకుంది. సాయంత్రమయ్యేసరికి వచ్చేది, తెల్లారేసరికి చెమటలతో జాకెట్టు తడిసిపోయేది. నడుమూ మోకాళ్లూ విరగ్గొట్టినట్టుండేవి. బళ్లారి ఆసుపత్రిలో నెత్తురు పరీక్ష చేసి, గొడ్లతో పని చేస్తావా అని అడిగారు. రోగం పేరు చెప్పబోతుంటే ఆమే ముందు చెప్పింది. ఆరు వారాలు మాత్రలు మింగమన్నారు.

బస్సు దిగి ఆమె ఇంటికి పోలేదు, సూటిగా క్యాంపుకు నడిచింది. సరోజినీదేవి వాకిట్లో బియ్యం చెరుగుతోంది. ఉచ్చెంగమ్మ నిలబడే అంతా చెప్పింది. డాక్టరు చెప్పిన మాటలు, తానాడిన అబద్ధం, ఏదీ దాచలేదు. వాళ్లింట్లో అందరూ నెత్తురు చూపించుకోవాలనీ, పాలు బాగా కాచి తాగాలనీ చెప్పింది. సరోజినీదేవి చేట కింద పెట్టింది. తిట్టలేదు. "రేపు సంతకు తోలుతున్నాం అన్నిటినీ. మా ఆయన బండి మాట్లాడాడు," అంది.

"అమ్మొద్దమ్మా, డాక్టరు అమ్మొద్దన్యాడు. ఇంగో ఇల్లు నాశనమైతాది."

"నీ వాకిట్లో నిలబడి నిన్నే అడిగాను నేను. అప్పుడేమయింది ఈ మాట?"

ఉచ్చెంగమ్మ వెనక్కి తిరిగి ఇంటికి నడిచింది.

మర్నాడు జ్వరంతోనే సంతకు పోయింది. పున్నయ్య బండి పక్కన ఐదు బర్రెలూ కట్టేసి ఉన్నాయి. తన బర్రె ఆమెను చూసి తల ఎగరేసింది. హులిగప్ప అనే నడివయసు రైతు దాన్నే బేరం చేస్తున్నాడు. కూతురి బాలింతతనానికి పాలు కావాలని పక్కవాళ్లతో చెప్పుకుంటున్నాడు. ఉచ్చెంగమ్మ అతన్ని పక్కకు పిలిచింది.

"అప్పా, దాన్ని కొనద్దు. అది ఈసుకపోయే బర్రె. అంటురోగముండాది దానికి. నా ఇంట్లో గొడ్డే అది, నాకు తెల్సు."

హులిగప్ప ఆమెను ఎగాదిగా చూశాడు. పున్నయ్య దూరం నుంచే, ఆమె మొగుడే దాన్ని తనకు అమ్మాడనీ, ఇప్పుడు తిరిగి చౌకగా కొట్టేయాలని చూస్తున్నారనీ అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. హులిగప్ప కూడా నవ్వి, "ఇట్లాంటి యవ్వారాలు శానా చూసినానమ్మా, పో," అన్నాడు. ఆమె చిదానంద డాక్టరు పేరు చెప్పింది, బళ్లారి ఆసుపత్రి చీటీ తీసి చూపించింది. అతను చీటీ వైపు చూడనైనా చూడలేదు.

డబ్బు కట్టి బర్రెను ట్రాలీ ఆటోలోకి ఎక్కిస్తుంటే అది మొరాయించింది. ఎవరి మాటా వినకపోతే, అలవాటున్న మనిషివి కదా, కొంచెం చెయ్యెయ్యమని హులిగప్ప ఉచ్చెంగమ్మనే అడిగాడు.

ఆమె చేతులు కొంగులో చుట్టుకుని బస్సు నిలిచే చోటికి నడిచింది.