నాలుగో గాడి

నేను ఒక పడక కుర్చీని. గుడ్డ చిరిగిపోయి చాలా కాలమైంది. ఇప్పుడు మిగిలింది టేకు చట్రం ఒక్కటే. దాన్ని మడిచి అటక మీద పాత గంగాళానికీ గోడకీ మధ్య నిలబెట్టారు. కూర్చోవడానికి పనికిరాని కుర్చీకి తన కథ చెప్పుకోవడం తప్ప ఇంకేం పనుంటుంది?

మాది గోదావరి కాలువ పక్కన చిన్న ఊరు. శివాలయానికి కొత్త తలుపులు చేసినప్పుడు మిగిలిన చెక్కతో వడ్రంగి సోమలింగాచారి గారు నన్ను తయారు చేశారు. ఊళ్లో ఎందరికో కుర్చీలు చేసిన ఆ మనిషి అరవయ్యేళ్లు వచ్చేదాకా నేల మీదే కూర్చున్నారు. భార్య పోయిన ఏడాదికి, మధ్యాహ్నాలు గడవడం కష్టమై, తన నడుము కొలత తనే తీసుకుని నన్ను బిగించారు. నా కింది పట్టీల్లో మూడు గాళ్లు తవ్వారు. వెనక అడ్డకర్రని మొదటి గాడిలో పెడితే నిటారుగా కూర్చుని పంచాంగం చూసుకోవచ్చు. రెండో దాంట్లో పెడితే రేడియో వినొచ్చు. మూడో దాంట్లో పెడితే కునుకు తీయొచ్చు.

దేవుడి తలుపు చెక్క మీద వీపు ఆనించడం ఆయనకి భయంగానే ఉండేది. అందుకని స్నానం చేసి విభూతి పెట్టుకుంటే తప్ప నా మీద కూర్చునేవారు కాదు. మరొకరు కూర్చోకూడదన్న నియమం మాత్రం ఆయన అక్కయ్య మాణిక్యాంబ గారు పెట్టింది. మనుషుల భక్తిలో నాకు అర్థం కాని సంగతి ఇదే. ఒకరి భయం పక్కవాళ్ల చేతిలో పడగానే చట్టం అయిపోతుంది.

ఆ ఇంటి కోడలు హైమ. ఆమె భర్త గణపతికి విశాఖపట్నంలో ఓడల మరమ్మతు పని, నెలకి రెండు శనివారాలు వచ్చేవాడు. హైమకి తల్లి లేదు. అందువల్ల పురుడు అత్తవారింట్లోనే జరిగింది. ఆ ఇంటి పద్ధతి ప్రకారం మామగారు కోడలితో నేరుగా మాట్లాడరు. ఏం కావాలన్నా మాణిక్యాంబ గారి ద్వారా చెప్పాలి, లేదా గోడకి చెప్పాలి.

ఆడపిల్ల పుట్టింది. నెల దాటాక మొదలైంది గొడవ. రొమ్ము నోటికి అందగానే ఆత్రంగా నాలుగు గుక్కలు తాగేది. అంతలోనే దగ్గి, ఉక్కిరిబిక్కిరై, విల్లులా వెనక్కి వంగి, మొహం కందిపోయేలా ఏడ్చేది. మళ్లీ పట్టిస్తే మళ్లీ అంతే. వెనక గదిలో హైమ పీట మీద కూర్చుని, పిల్ల మీదకి వంగి, గంటలకొద్దీ తంటాలు పడేది. నేను ముందు గదిలో ఉండేదాన్ని. చూడలేదు గానీ అంతా విన్నాను.

మాణిక్యాంబ గారు ఉప్పూ మిరపకాయలూ దిగతుడిచారు. వాము నీళ్లు పట్టించారు. చివరికి తేల్చేశారు.

"పాలు చాలక ఏడుస్తోందే అమ్మాయ్. కడుపు నిండితే ఏ పిల్ల ఏడుస్తుంది చెప్పు?"

అక్కణ్ణించి వెల్లుల్లి కారం, మెంతికూర, పూటకో గ్లాసు పాలు. పాపం, ఆవిడ ప్రేమతోనే పెట్టారు. హైమ జాకెట్టు తడిసి, చీర తడిసి, పీట చుట్టూ నేల కూడా తడిసేది. ఆ తడి ఇంట్లో ముగ్గురూ చూశారు. చాలడం లేదంటూనే దాన్ని గుడ్డ పెట్టి తుడిచారు.

ఒకరోజు హైమ చిన్నగా అంది. "దానికి నేనంటే ఇష్టం లేదేమో పెద్దత్తయ్యగారూ. నా ఒళ్లోకి రాగానే ఏడుస్తోంది. మీరెత్తుకుంటే ఊరుకుంటోంది."

"పిచ్చి మాటలాడకు. శనివారం అబ్బాయిని డబ్బా పాలు తెమ్మన్నాను. ఇంక నీకూ ఈ అవస్థ ఉండదు."

 అవస్థ లేకుండా పోవాలని హైమ కోరుకోలేదు. పిల్ల తన దగ్గర తాగాలని కోరుకుంది, అంతే. అడగడానికి తల్లి లేదు. మొగుడు దగ్గర లేడు. ఎదురుగా ఉన్న మామగారితో మాట లేదు.

గురువారం మధ్యాహ్నం పెద్దాయన గుడి తలుపు గడియ బాగుచేయడానికి వెళ్లారు. మాణిక్యాంబ గారు పురాణం వినడానికి వెళ్లారు. పిల్ల ఏడుస్తోంది. హైమ ఎత్తుకుని వెనక గదిలోంచి ముందు గదిలోకి, ముందు గదిలోంచి వెనక గదిలోకి తిరిగింది. నడుము పట్టేసినట్టుంది. నా దగ్గర ఆగింది. గుమ్మం వైపు చూసింది.

"స్వామీ, క్షమించు," అని నా మీద వాలిపోయింది.

అడ్డకర్ర మూడో గాడిలోనే ఉంది. హైమ దాదాపు పడుకున్నట్టే ఉంది. పిల్ల ఆమె మీద బోర్లా, పొట్టకి పొట్ట ఆనించి పడుకుని, తనంతట తనే తల ఊపుకుంటూ వెతుక్కుంది. దొరికింది. నాలుగు గుక్కలు తాగి ఒకసారి దగ్గింది. హైమ ఊపిరి బిగపట్టింది. పిల్ల తల ఎత్తి, పెదాల పక్కనుంచి పాలు కారనిచ్చి, మళ్లీ తనే నోరు పెట్టుకుంది. ఆ తర్వాత గుటకల చప్పుడు తప్ప ఇంట్లో ఇంకేం వినపడలేదు. హైమ ఏడుస్తూనే ఉంది, కానీ కదల్లేదు. కారిన పాలు నా గుడ్డలోకి ఇంకాయి.

అప్పుడే పెద్దాయన వచ్చారు. గుమ్మంలోంచి నా వెనక భాగం, పక్కకి వేలాడుతున్న చీర చెంగు చూసి, వచ్చిన దారినే వెనక్కి తిరిగి ఎండలో అరుగు మీద కూర్చున్నారు. కాసేపటికి మాణిక్యాంబ గారి చెప్పుల చప్పుడు.

"లోపలికి వెళ్లకక్కయ్యా."

"ఏం? ఎండలో ఏంట్రా నువ్వు?"

"పాప పాలు తాగుతోంది."

"తాగితే? నేనేమన్నా దిష్టి పెడతానా?"

"కుర్చీలో తాగుతోంది."

"ఏ కుర్చీ?"

"మనింట్లో ఎన్నున్నాయ్?"

ఆవిడ గొంతు లేచింది. "దేవుడి చెక్కరా అది! ఆ పాల చీరతోటే కూర్చుందా?"

"గుడిలో పొద్దున్నే స్వామికి పోసేవేంటక్కయ్యా?"

"అది వేరు."

"వేరేనేమో. నాకూ తెలీదు. ఇంతకీ ఏడుపు వినిపిస్తోందా నీకు?"

ఆవిడ చెవి పెట్టి విన్నారు. చాలాసేపు విన్నారు. చివరికి, "గుడ్డ పాడైపోద్దిలే," అని గొణిగి, తమ్ముడి పక్కనే అరుగు మీద చతికిలబడ్డారు.

మర్నాడు పెద్దాయన నన్ను వెనక గది గుమ్మం దాకా మోసుకొచ్చి, గోడతో అన్నారు. "రెండో గాడిలో పెడితే పిల్ల జారిపోద్ది. మూడో దాంట్లో తల్లికి పిల్ల మొహం కనపడదు." తర్వాత ఉలి తీసుకుని, ఆ రెంటి నడుమ నాలుగో గాడి తవ్వారు. హైమ పొట్టి మనిషి, కాళ్లు అందవని చిన్న పీట కూడా చేసి పెట్టారు. అదంతా అయ్యాక, "నాకు ఈ కుర్చీలో నడుం నొప్పొస్తోంది," అని మరోసారి గోడకి చెప్పారు. ఆయన అబద్ధమాడగా నేను వినడం అదొక్కసారే.

ఆ వారమే పిల్లని తూచడానికి వచ్చిన నర్సమ్మ సంగతంతా విని నవ్వింది. "పిల్ల బరువు బాగానే పెరిగింది. పాలు చాలకపోవడం కాదండీ, ఎక్కువై, జోరుగా వచ్చేస్తుంటే ఊపిరాడక వదిలేస్తోంది. వెనక్కి వాలి ఇవ్వడమే మంచిది. ఆ మెంతులూ వెల్లుల్లీ ఇంక ఆపండమ్మా!" గణపతి తెచ్చిన డబ్బా పాలతో మాణిక్యాంబ గారు నెల్లాళ్లు కాఫీ కలుపుకుని తాగారు. ఆ కాఫీ బాగుండదని రోజూ అనేవారు.

పిల్ల పాలు మానేసింది, నడిచింది, బడికి వెళ్లింది. నేను మాత్రం వెనక గదిలోనే ఉండిపోయాను. నన్ను తిరిగి తీసుకోమని హైమ చెప్పలేదు. ఇమ్మని ఆయన అడగలేదు. మధ్యాహ్నం పూట గోడకి ఇటు ఆమె నా పక్కన నేల మీద కూర్చుని బట్టలు కుట్టుకునేది. అటు ఆయన చెయ్యి తలకింద పెట్టుకుని నేల మీద పడుకునేవారు. మధ్యలో నేను ఖాళీగా ఉండేదాన్ని. ఒకరి మీద ఒకరికి ఉన్న గౌరవం ఇద్దరినీ నేల మీదే ఉంచేసింది. ఇది మంచిదా కాదా అని ఇప్పటికీ ఆలోచిస్తుంటాను.

పాపకి ఎనిమిదో ఏట మాణిక్యాంబ గారు పోయారు. మాట మోసే మనిషి లేక మామగారికీ కోడలికీ మధ్య మాటే ఆగిపోయింది. హైమ అన్నం పళ్లెం పెట్టి గాజులు చప్పుడు చేసేది. ఆయన తిని, పళ్లెం మీద గ్లాసు బోర్లించేవారు. మరుసటి ఏడు ఆయనకి ఆయాసం మొదలైంది. పడుకుంటే ఊపిరి ఆడదు, కూర్చుంటే ఓపిక లేదు. హైమ ఎవరితోనూ చెప్పకుండా నన్ను ముందు గదికి లాక్కొచ్చింది. ఆయన అప్పటికి స్నానం చేసి మూడు రోజులైంది. నుదుట విభూతి లేదు. నా వైపు చూసి కొంచెం తటపటాయించారు.

హైమ అడ్డకర్ర పట్టుకుని నిలబడింది. ఏ గాడిలో పెట్టాలో అడగాలి. పాప బడికి వెళ్లింది, అడగడానికి మధ్యలో ఎవరూ లేరు. గోడ ఉంది గానీ ఆమె గోడ వైపు తిరగలేదు. 

ఆయన చాలాసేపు ఊపిరి కూడదీసుకున్నారు.

"నీ గాడిలో పెట్టమ్మా," అన్నారు.

ఆమె పెట్టింది. ఆయన వాలారు. పాల మరకలు ఎండి గట్టిపడిన ఆ గుడ్డ మీద, తొమ్మిదేళ్ల తర్వాత, నాకు తెలిసిన వీపు మళ్లీ ఆనింది. ఊపిరి కొంచెం నెమ్మదించింది. హైమ చిన్న పీట తెచ్చి ఆయన కాళ్ల కింద పెట్టింది.  పదకొండు రోజులు అలాగే గడిచాయి. పన్నెండో రోజు నేను మళ్లీ ఖాళీ అయ్యాను.

అటక మీద చీకట్లో మిగిలిన మూడు గాళ్లలో దుమ్ము పేరుకుంది. నాలుగో దాంట్లోనూ పేరుకునే ఉంటుంది. కానీ నన్ను పైకి ఎక్కించే ముందు హైమ చీర చెంగుతో తుడిచింది ఆ ఒక్కదాన్నే.