కాగితం అడుగున ఒక పంక్తి

ఆయన గడ్డం మీదికి కారిన జావ తుడిచి ఆమె గిన్నె పక్కన పెడుతుండగా, "మిషన్ తీసుకురా, టైపు చెయ్యాలి," అన్నాడు ఆయన. కాళ్లూ చేతులూ చచ్చుబడి మెడ ఒక్కటే మిగిలిన మనిషి. ఆ గొంతులోని దర్జా మాత్రం పిసరంత కూడా అరగలేదు. ఆమె స్టవ్ ఆపిందో లేదో రెండుసార్లు చూసుకుని వచ్చి, మంచం కింది నుంచి టైపు మిషన్ లాగింది.

ఆయన పేరున్న డాక్టరు. ముప్పై ఎనిమిదేళ్లుగా ఆమె ఆయన టైపిస్టు. ఆ మాట ఎవరూ అనలేదు, అంతే. ఆయన వ్యాసాలూ ప్రసంగాలూ వంటిల్లు సర్దుకున్నాక ఆమె వేళ్ల మీదుగానే లోకంలోకి వెళ్లాయి. "కూర్చుని టకటకలాడించడం కూడా పనేనా? దానికి వీపు నొప్పొకటి!" అని అత్తగారు ఇంటికొచ్చినవాళ్లందరికీ చెప్పి నవ్వేది. టైపు చేసినవాళ్లు కాగితం అడుగున, ఎడమ మూల, తమ గుర్తు వెయ్యాలని ఆమెకు టైపు స్కూల్లో నేర్పారు. పెళ్లయిన కొత్తలో ఒకసారి వేసింది. "ఇదేమిటే? వండిన గిన్నె మీద కూడా పేరు రాసుకుంటావా?" అన్నాడాయన. మళ్లీ వెయ్యలేదు. అప్పుడే ఇంకో మాట కూడా అన్నాడు. "నేను చెప్పింది టైపు చెయ్యి. నీ సొంతం ఒక్క ముక్క చేర్చకు."

నయంకాని జబ్బుతో నరకం పడేవాళ్లు కోరుకుంటే, డాక్టరు సాయంతో ప్రాణం విడవనివ్వాలనే చట్టం మీద ఊరంతా మళ్లీ వాదించుకుంటోంది. ఎల్లుండి టౌన్ హాల్లో కమిటీ జనం మాట వింటుంది. పన్నెండేళ్ల కిందట కూడా ఇలాగే ఒక కమిటీ కూర్చుంది. అప్పుడా చట్టాన్ని మూలపడేసింది ఈయన ప్రసంగమే. హాలంతా లేచి చప్పట్లు కొట్టింది.

ఆ ప్రసంగం టైపు చేసిన రోజు ఆమె చెల్లెలు ఈ ఇంట్లోనే, వెనక గదిలో ఉంది. ఎముకల్లోకి పాకిన క్యాన్సర్. దుప్పటి తగిలినా కేక పెట్టేది. "బావగారూ, నన్ను పంపించెయ్యండి" అని నలభై రోజులు బతిమాలింది. కనీసం మార్ఫిన్ పెంచమంటే, "ఊపిరి ఆగితే నా పేరు పోతుంది" అన్నాడాయన. అదే నోటితో ముందు గదిలో కూర్చుని చెప్పాడు: "నా సొంత మరదలు ఈ క్షణాన కూడా బతకాలనే కోరుకుంటోంది. నొప్పి కూడా జీవితమే." ఆమె వేళ్లు ఆగాయి. "ఊఁ, కానీ," అన్నాడు. కానిచ్చింది. "అక్కా, బావగారేం రాయిస్తున్నారు?" అని లోపలి నుంచి సన్నగా వినబడింది. "ఏదో ఉత్తరంలేవే, పడుకో," అంది. నాలుగో పేజీ అయ్యేసరికి లోపల చప్పుడు లేదు. చెల్లెలికి ఆమె చెప్పిన ఆఖరి మాట అబద్ధం. అప్పటినుంచీ ఆమె గడప దాటేవాళ్లెవరినైనా రెండుసార్లు వెనక్కి పిలిచి మాట్లాడుతుంది.

ఇప్పుడాయన గొంతు సవరించుకుని మొదలుపెట్టాడు. "గౌరవనీయులైన కమిటీవారికి. ఈ చట్టాన్ని నేను మొదటినుంచీ సమర్థిస్తూనే ఉన్నాను..."

ఆమె చేతులు ఒళ్లో పెట్టుకుంది.

"ఏం, వినబడలేదా?"

"వినబడింది. మరి పాత ప్రసంగం?"

"అదెవరికి గుర్తుంటుందే?"

ఆమె బీరువా తెరిచి, చీరల కింద దాచిన కార్బన్ కాపీ తీసింది. నాలుగు పేజీలూ పైకి చదివింది, చప్పట్ల కోసం ఆయన ఆగిన చోట తనూ ఆగుతూ. ఆయన గోడవైపు తిరిగాడు. మెడ ఒక్కటే తిరుగుతుంది కదా.

"మొదటి వాక్యం నిజం చెప్పండి. మిగతాది టైపు చేస్తాను."

"నువ్వే ఏదో ఒకటి కొట్టెయ్యి."

"నా సొంతం చేర్చనండీ. మీరు పెట్టిన నియమమే."

మర్నాడు పొద్దున పక్క మార్చడానికి వచ్చిన నర్సమ్మ మిషన్ చూసి, "అమ్మో, ఇది డాక్టరుగారికన్నా ముందు రిటైరవ్వాల్సింది!" అని నవ్వింది. వంటింట్లో చేతులు కడుక్కుంటూ గొంతు తగ్గించింది. "చట్టం ఒప్పుకున్నా అమల్లోకి రావడానికి రెండేళ్లంట పిన్నిగారూ. మన డాక్టరుగారిని చూస్తే అన్నాళ్లు..." అని తువ్వాలుతో మొహం తుడుచుకుంది. ఆమె తల ఊపింది. ఆ మాట ముందు గదిలోకి మోసుకెళ్లలేదు. జావ తీసుకెళ్లింది. మందు వేళ దాటనివ్వకుండా ఇచ్చింది. జావకు ముందోసారి, మందు తర్వాతోసారి ఆ నాలుగు పేజీలూ చదివింది.

మధ్యాహ్నానికి ఆయన దిగొచ్చాడు. "కొట్టు," అన్నాడు, కళ్లు మూసుకుని. "నా మరదలు చావు కోరింది. నలభై రోజులు అడిగింది. నేను ఇవ్వలేదు. పైగా ఆమె బతకాలని కోరుతోందని అప్పటి కమిటీ ముందు అబద్ధం చెప్పాను." ఊపిరి అందక ఆగాడు. ఆమె తొందరపెట్టలేదు, తోడు మాటా అందించలేదు. ఎలా చెప్పాడో అలాగే కొట్టింది. తర్వాత ఆయన తన నొప్పుల గురించి చెప్పాడు. అదీ కొట్టింది, ఒక్క అక్షరం తప్పకుండా. ఆయన బొటనవేలికి సిరా రాసి కాగితం మీద తనే అద్దింది.

"అయింది కదా. ఇక చట్టం వస్తే నాకు..."

"మీకు అందదండీ. అమలుకు రెండేళ్లట. పన్నెండేళ్ల కిందట వచ్చి ఉంటే అందేది."

ఆయన మెడ ఆమెవైపు తిప్పాడు. "నీకు ముందే తెలుసు."

"పొద్దుటినుంచీ."

"మరి నాచేత ఇదంతా ఎందుకు చెప్పించావే?"

ఆమె గడియారం చూసింది. నాలుగు గంటల మందు వేళయింది, చెంచాతో పోసి పెదవులు తుడిచింది. తర్వాత కాగితాన్ని మళ్లీ మిషన్‌లోకి ఎక్కించి, అడుగున, ఎడమ మూలకు జరిపింది. ఆయన ఒక్క ముక్కా చెప్పకుండానే వేళ్లు కదిలాయి.

"టైపు చేసినది: చనిపోయినామె అక్క. మీ ముందు చదువుతున్నదీ ఆమే."