వెనక్కి ఇవ్వం

పొద్దున్న టీ చల్లారేలోపే తుర్సునాయ్ ఇద్దరిని కసిరేసింది. వేడినీళ్లు రావడం లేదన్న ఆవిడతో, ఈ బిష్కెక్ ఊళ్లో ఎవరింట్లో వస్తున్నాయో చూపించమంది. వంటగదిలో గిన్నె పోయిందన్నాయనతో, గిన్నెకి కాపలా కాయడం తన ఉద్యోగం కాదంది.

క్యాన్సర్ ఆసుపత్రి వెనక వీధిలోని ఆ బసకు రోగుల బంధువులే వస్తారు. అద్దె కట్టించుకునే గది అద్దానికి కోసిన కిటికీ బాగా కిందికి ఉంటుంది. ఎంతటివాడైనా నడుం వంచి మాట్లాడాల్సిందే. లోపల ఆమె, ఉన్ని కోటు, వాచిన మోకాళ్లు, గోరింట రంగు జుట్టు కుదుళ్ల దగ్గర తెలుపు. తలుపులా మూసుకుపోయిన ముఖం. వచ్చేపోయేవాళ్లు ఆమెను చాటుగా ‘ఇనప్పెట్టె’ అంటారని ఆమెకు తెలుసు.

మొదట్నుంచీ ఇలా లేదు. బట్టల మిల్లు మూతపడి, మొగుడు రష్యాకి కూలికి వెళ్లి అక్కడే మరో ఇల్లు పెట్టుకున్నాక ఈ కిటికీ దగ్గర కూర్చుంది. మొదటి ఏడు, బిడ్డను వేరే ఊరి ఆసుపత్రికి మార్చారని ఏడ్చిన ఒక తల్లికి మిగిలిన అద్దె తిరిగి ఇచ్చింది. యజమాని ఎర్కిన్ దాన్ని ఆమె జీతంలో కోసేశాడు. ఆ చలికాలం ఇంట్లో బొగ్గు సరిపోలేదు. అప్పుడే ఒక సంగతి అర్థమైంది. మెత్తగా కాదంటే మనుషులు మళ్లీ అడుగుతారు. కసిరితే ఒక్కసారితో పోతారు.

కిటికీకి అవతల ఎవరో వంగారు. కొండల్లోని అత్-బాషీ ఊరి నుంచి భార్యతో వచ్చిన జుమాలీ. గొర్రెలు కాసిన మనిషి. ఎండకీ మంచుకీ పగిలిన బుగ్గలు, చేతిలో ఉన్నిటోపీ. భార్యను ఆసుపత్రిలో చేర్చుకున్న దగ్గర్నుంచి గదిలో ఒక్కడే ఉంటున్నాడు. గది ఖాళీ చేస్తున్నానని, నెలాఖరుదాకా కట్టిన దాంట్లో మిగిలింది ఇప్పించమని నెమ్మదిగా అడిగాడు.

“వెనక్కి ఇవ్వం,” అంది తల ఎత్తకుండా.

అతను కదల్లేదు.

“వినపడలేదా తాతా? ఎక్కడైనా చవగ్గా దొరికిందేంటి గది?”

“గది కాదమ్మా. ఊరికి పోతున్నాం.”

“ఓహో, తగ్గిందన్నమాట. తగ్గేదాకా మా గది కావాలి, తగ్గాక మా డబ్బులు కావాలి.”

జుమాలీ పోనీ యజమానితో మాట్లాడించమన్నాడు. అతణ్ణి వదిలించుకోవడానికే ఫోన్ కలిపింది. ఎర్కిన్ గొంతు కిటికీ బయటికీ వినిపించింది. ఇది ధర్మసత్రం కాదని ఆ ముసలాడికి చెప్పమన్నాడు, ఇలాంటివాటికి తనను లేపొద్దని ఆమెనూ తిట్టాడు. జుమాలీ తల ఊపి, గోడవారన బల్ల మీద కూర్చున్నాడు. పోట్లాడలేదు, పోనూ లేదు.

కాసేపటికి వ్యాను డ్రైవరు బూట్ల మంచు దులుపుకుంటూ లోపలికి వచ్చాడు.

“తాతా, వెనక సీట్లన్నీ పీకేశా. శవాల గది గేటు దగ్గరికి బండి తెమ్మంటున్నారు. కనుమలో మంచు పడకముందే దాటాలి. మిగతా కిరాయి సర్దావా?”

తుర్సునాయ్ టీ గిన్నె కింద పెట్టింది. లేచింది. ఏళ్లుగా ఎవరి కోసమూ తీయని పక్కతలుపు తీసి, మోకాళ్లు పట్టుకుంటూ బయటికి వచ్చింది.

“ఎప్పుడు?”

“తెల్లారుతుంటే.”

“నాతో ఒక్క మాట అనొచ్చు కదా బాబాయ్.”

జుమాలీ టోపీ వైపు చూస్తూ అన్నాడు. “దాని చావు చెప్పి డబ్బులడిగితే, దాన్ని బేరానికి పెట్టినట్టుంటుందమ్మా.”

ఆమె లోపలికి వెళ్లి సొరుగు తీసింది. మిగిలిన అద్దె, దాని మీద తన సంచిలోంచి ఇంకొంత కలిపి అతని అరచేతిలో పెట్టి వేళ్లు మూసింది. క్షమించమనాలనుకుంది. ఇన్నేళ్లుగా వాడని మాట నోటికి రాలేదు. ఆమె ఇబ్బంది చూసి అతనే, “చలిగా ఉంది, లోపలికి పో తల్లీ,” అని డ్రైవరు వెనకే నడిచాడు.

ఎర్కిన్‌కు తనే ఫోన్ చేసి చెప్పింది. అరుపులు అయ్యేదాకా వింది. జీతంలో కోసుకోమంది. ఈసారి కోతతో ఆగదు, రేపట్నుంచి రావొద్దన్నాడు. సరేనంది. ఆ మాట అంత తేలిగ్గా వచ్చినందుకు ఆమెకే ఆశ్చర్యమేసింది.

వెళ్లేముందు అతని గది ఊడ్చిపోదామని పైకి వెళ్లింది. దుప్పట్లు మడతపెట్టి ఉన్నాయి. నేల అతనే తుడిచి వెళ్లాడు. కిటికీ కింద వేడిగొట్టం మీద ఆడవాళ్ల ఉన్ని మేజోళ్లు ఒక జత, రాత్రి ఉతికి పిండి, ముడతలు లేకుండా చేత్తో సాగదీసి ఆరేసినవి, వేళ్ల దగ్గర ఇంకా తడిగా ఉన్నాయి.